ముందు వార్డు, ఆ తర్వాతే విమానం

మంగళగిరిలో గానీ, పక్కనున్న తాడేపల్లి, చినకాకాని, కాజలో గానీ ఒక ఆడపిల్ల బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి ఇంటికొస్తే చుట్టాలు అడిగే మొదటి మాట ‘ఎక్కడ చేరావమ్మా?’ అని కాదు, ‘ఏ దేశమమ్మా?’ అని. మేనత్త జర్మనీ అంటుంది, బాబాయి లండన్ అంటాడు, పెళ్లిళ్ల పేరయ్య అమెరికా అయితే సంబంధం తానే చూస్తానంటాడు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఇంకా చేతికి రాలేదు, ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష కోచింగ్‌కు మాత్రం అడ్వాన్స్ కట్టేసి ఉంటారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

ఈ తొందర వెనక ఒక వాదన ఉంది. దాన్ని వెక్కిరించి వదిలేస్తే చాలదు, విని జవాబు చెప్పాలి. ఇక్కడ ప్రైవేటు ఆసుపత్రిలో కొత్త స్టాఫ్ నర్సుకు పది, పదిహేను వేలు చేతిలో పెడతారు. అక్కడ నెలకు రెండు మూడు లక్షలు. ఇక్కడ రెండేళ్లు వార్డులో పడి ఉంటే వయసు వృథా. ప్రభుత్వ ఉద్యోగం ఎండమావి. ఎమ్మెస్సీ చేస్తే కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. కాబట్టి డిగ్రీ రాగానే భాష నేర్చుకో, పరీక్ష రాసెయ్, విమానం ఎక్కెయ్. వాట్సాప్ గ్రూపుల నుంచి కాలేజీ ఫేర్‌వెల్ వేదికల దాకా వినిపించే పాట ఇదే.

ఇందులో మొదటి మాట నిజం. తక్కినవి నిలబడవు.

జీతం సంగతి దాచాల్సిన పని లేదు. ప్రైవేటు నర్సుల జీతాల మీద 2016 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాని ప్రకారం కేంద్రం వేసిన కమిటీ సిఫార్సులు కూడా ఇచ్చింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమాన జీతం ఉండాలి. 100 దాటితే పదిశాతం లోపు తగ్గించుకోవచ్చు. 50 నుంచి 100 పడకలుంటే 25 శాతం దాకా తగ్గించవచ్చు. 50 లోపయినా 20 వేలకు తక్కువ ఇవ్వకూడదు. పదేళ్లవుతున్నా ఆ సిఫార్సులు మన దగ్గర కాగితం దిగి రాలేదు. యాజమాన్యాలకు ఎలాగూ ఇష్టం లేదు. ప్రభుత్వాలకు పట్టలేదు. అడగాల్సిన నర్సులు విమానం టికెట్ గురించి ఆలోచిస్తూ కూర్చున్నారు.

‘మలయాళీలను చూసి నేర్చుకోండి’ అనేది ఈ వాదనలో తురుపుముక్క. చూద్దాం. ఒక తరం కింద విజయవాడలోనో గుంటూరులోనో పెద్దాసుపత్రికి వెళ్లినవాళ్లకు మలయాళీ సిస్టర్లు గుర్తుండే ఉంటారు. కాన్యులా పెడుతూ తమ యాసలో తెలుగు మాట్లాడి నవ్వించేవాళ్లు. గల్ఫుకు, ఇంగ్లండుకు వెళ్లిన ఆ తరంలో చాలామంది కేరళ నుంచి నేరుగా వెళ్లలేదు. ఢిల్లీలో, ముంబైలో, హైదరాబాదులో, మన ఊళ్లలో ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసి, చెయ్యి తిరిగాక వెళ్లారు. ఉండిపోయినవాళ్లు ఊరుకోలేదు. 2017లో కేరళ నర్సులు సమ్మెకు దిగి ప్రైవేటు ఆసుపత్రుల్లో కనీసం 20 వేలు ఇవ్వాల్సిందేనని ఒప్పించారు. 2018 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర ప్రభుత్వం కనీస వేతనాల నోటిఫికేషన్ ఇచ్చింది. అంటే మలయాళీ దారిలో వార్డూ ఉంది, యూనియనూ ఉంది, ఆ పైనే విమానం ఉంది. మనవాళ్లు మొదటి రెండూ కోసేసి మూడోది ఒక్కటే కాపీ కొట్టబోతున్నారు.

ఇక దేశాల సంగతి. అమెరికాతోనే మొదలుపెట్టడం మేలు, ఎక్కువమంది మోసపోయే కల అదే కనుక. ఎన్‌క్లెక్స్ అనే అక్కడి లైసెన్సు పరీక్ష రాయడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు, హైదరాబాదులోనే కేంద్రం ఉంది. కష్టపడి చదివితే పాసూ అవుతారు. ఆ తర్వాతే అసలు కథ. వార్డు నర్సుకు హెచ్1బీ మామూలుగా దొరకదు. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఈబీ-3 అనే వరుసలో నిలబడాలి. ఏ దేశంలో పుట్టినవాళ్లకైనా ఏటా ఇంతకు మించకూడదన్న పరిమితి ఉండటంతో భారతీయుల వరుస కొండవీటి చాంతాడంత పెరిగింది. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వీసా బులెటిన్ విడుదల చేస్తుంది. 2025 చివర్లో అందులో ఈ కేటగిరీకి భారతీయుల ఎదురుగా ఉన్న సంవత్సరం 2013. అంటే 2013లో దరఖాస్తు పెట్టినవాళ్ల వంతు అప్పటికి వచ్చింది. ఇవాళ పాసైన ఇరవై మూడేళ్ల పిల్ల ఆ వరుసలో ఎక్కడుంటుందో లెక్క కట్టడానికి కన్సల్టెన్సీ అక్కర్లేదు. కన్సల్టెన్సీ గోడ మీద మాత్రం స్వేచ్ఛా ప్రతిమ బొమ్మే ఉంటుంది, బులెటిన్ ఉండదు.

బ్రిటన్ గాలి కూడా మారింది. కోవిడ్ తర్వాత రెండు మూడేళ్లు అక్కడి ఆసుపత్రులు భారతీయ నర్సులను ఎగబడి తీసుకున్న మాట నిజమే. మన ఇళ్లలో ఇప్పటికీ నడుస్తున్నది ఆ రోజుల లెక్కే. 2024-25లో విదేశాల నుంచి వచ్చి అక్కడి నర్సింగ్ రిజిస్టర్‌లో కొత్తగా చేరినవాళ్లు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 30 శాతం తగ్గారు. నర్సు ఉద్యోగం దొరకకపోతే ముందు కేర్ వర్కరుగా పోయి తర్వాత చూసుకోవచ్చనే దొడ్డిదారి ఒకటుండేది. 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కొత్త కేర్ వర్కర్లను తీసుకోవడం ఆపేసి దాన్నీ మూసేశారు. జీతమైనా ‘మూడు లక్షలు’ అని గుండుగుత్తగా చెబుతారు. 2025-26లో కొత్త నర్సుకు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏడాదికి 31,049 పౌండ్లు. అందులో పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్, పెన్షన్ పోవాలి, ఇంటద్దె కట్టాలి. మిగిలేది తక్కువేమీ కాదు. గోడ మీద అంకె మాత్రం కాదు.

జర్మనీ విషయంలో మాత్రం ఎదుటి వాదనలో పస ఉంది. ఆ దేశానికి నర్సులు నిజంగా కావాలి. కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా 2021 డిసెంబరులో జర్మన్ ఉపాధి సంస్థతో ఒప్పందం కూడా చేసుకుంది. అయితే అక్కడికెళ్లిన మర్నాటి నుంచే నర్సు అయిపోరు. బీ2 స్థాయి జర్మన్ రావాలి. మన చదువును వాళ్ల చదువుతో పోల్చి, తక్కువున్న చోట అక్కడే శిక్షణ పొందడమో పరీక్ష రాయడమో చెయ్యాలి. గుర్తింపు వచ్చేదాకా హోదా సహాయకురాలిది, జీతమూ ఆ లెక్కే. ఇంకో సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. రోగికి స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం అక్కడ నర్సు పనే. ఇక్కడ ఆయాలో, రోగి తాలూకు మనుషులో చేస్తారు. నాలుగేళ్లు పుస్తకం పట్టుకుని వార్డులో సరిగా నిలబడని పిల్ల అక్కడ మొదటి నెలలోనే ‘ఇందుకా వచ్చింది?’ అని ఏడుస్తుంది. ఇక్కడ పేషెంటు పక్కన గంటలు గడిపిన పిల్లకు ఆ పని అంత కొత్తగా ఉండదు.

అసలు వాదన ఇక్కడే మొదలవుతుంది. ఏ దేశానికి పోవాలన్నా, ఇక్కడే ఉండాలన్నా దాటాల్సిన గేట్లన్నీ ఇప్పుడు ఒకే ప్రశ్న వేస్తున్నాయి. 2023 ఏప్రిల్ నుంచి ఎన్‌క్లెక్స్ కొత్త రూపంలోకి మారింది. బట్టీ పట్టిన జవాబు చాలదు. ఒక రోగి చార్టు చూపించి, ఇందులో ఏది ప్రమాదం, ముందు ఏం చేస్తావు, చేశాక ఏం గమనిస్తావు అని వరుసగా అడుగుతారు. బ్రిటన్‌లో ఆస్కీ పరీక్షకు నిలబెట్టి చేతలతోనే చేయించి చూస్తారు. జర్మనీ గుర్తింపు పరీక్షలో నిజమైన రోగి పక్కన పని చేసి చూపించాలి. మన ఎయిమ్స్ నియామకాలకు రాసే నోర్‌సెట్ కూడా 2023 నుంచి ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు దశలైంది, మెయిన్స్‌లో కేసు ఇచ్చి నిర్ణయం అడుగుతారు. గల్ఫు ఉద్యోగాల్లో చాలావాటికి రెండేళ్ల అనుభవం లేకపోతే బయోడేటానే చూడరు. వార్డును ఎగ్గొట్టి పరీక్షకు చదవాలనుకోవడమంటే సిలబస్‌ను పక్కన పడేసి గైడు కొనుక్కోవడమే.

వార్డు ఏం నేర్పుతుందో ఒక్క ఉదాహరణ చాలు. పెద్ద ఆపరేషన్ అయిన రోగి, రెండో రాత్రి. బీపీ మానిటర్ మీద బాగానే ఉంది. యూరిన్ బ్యాగులో మాత్రం పన్నెండింటికి నలభై మిల్లీలీటర్లు, ఒంటిగంటకు ఇరవై ఐదు, రెండింటికి ఇరవై. కొత్త సిస్టర్ మూడంకెలూ చార్టులో నీటుగా రాసి సంతకం పెడుతుంది. రెండేళ్లు చేసిన సిస్టర్ ఒంటిగంటకే కాథెటర్ ట్యూబు మెలిక పడిందేమో చూస్తుంది, పడలేదని తేల్చుకుని రోగి చేతులు పట్టుకుంటుంది. చల్లగా ఉన్నాయి. పల్స్ సాయంత్రం కన్నా ఇరవై ఎక్కువుంది. డ్యూటీ డాక్టరును లేపుతుంది, ఆయన విసుక్కుంటాడు. ‘సార్, బీపీ బాగుందని కాదు, యూరిన్ తగ్గుతోంది, పల్స్ పెరుగుతోంది, ఒకసారి వచ్చి చూడండి’ అని ఊరుకోకుండా మళ్లీ చెబుతుంది. లోపల రక్తస్రావం ఉంటే బీపీ పడేది ఆఖర్న అని పుస్తకంలోనూ ఉంది. కానీ అర్ధరాత్రి ఒంటిగంటకు ఆ వాక్యం గుర్తుకు రావడం, విసుక్కునే మనిషిని నిద్రలేపే ధైర్యం రావడం పుస్తకంలో లేదు. ఇంగ్లీషులోనో జర్మన్‌లోనో అడిగినా పరీక్షలు వెతికేది ఈ రెండో సిస్టర్నే.

వార్డు విలువ అందరికీ తెలుసనడానికి ఒక దొంగ సాక్ష్యం ఉంది. అనుభవం సర్టిఫికెట్ల బజారు. రెండేళ్లు వార్డులో చేయడం వృథా అనే ఇళ్లే, ఎక్కడో ఒక చిన్న నర్సింగ్ హోంలో డబ్బిచ్చి రెండేళ్లు చేసినట్టు కాగితం రాయించుకుంటాయి. వృథా అయితే కొనడమెందుకు? పైగా ఇప్పుడు ఆ కాగితం నిలవదు. విదేశీ యాజమాన్యాలు, లైసెన్సు సంస్థలు ఫోన్ చేసి కనుక్కుంటాయి, జీతం చీటీలు, బ్యాంకు ఖాతా, పీఎఫ్ అడుగుతాయి. దొరికితే ఆ దేశంలో తలుపు శాశ్వతంగా మూసుకుపోవచ్చు. దొరక్కపోతే ఇంకా భయం, ఆ అర్ధరాత్రి రోగి పక్కన ఉండేది ఈ కాగితం మనిషే కనుక.

‘ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగం ఎండమావి’ అనే మాట మంగళగిరిలోనే వినపడటం విడ్డూరం. ఒకప్పటి టీబీ శానటోరియం స్థలంలో ఇవాళ ఎయిమ్స్ నిలబడి ఉంది. 2015 డిసెంబరులో శంకుస్థాపన, 2019 మార్చిలో ఓపీ, 2024 ఫిబ్రవరి 25న జాతికి అంకితం, 1,618 కోట్ల ఖర్చు. అక్కడ నర్సింగ్ ఆఫీసర్‌గా చేరితే కేంద్ర లెవెల్ 7, మూల వేతనం 44,900. డీఏ, నర్సింగ్ అలవెన్సు, తక్కినవి కలిస్తే లెక్కలో 75 వేలు దాటుతుంది. పరీక్ష నోర్‌సెట్, 2020 నుంచి జరుగుతోంది. బీఎస్సీ నర్సింగ్ వాళ్లకు అనుభవం నిబంధన కూడా లేదు. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా వాళ్లు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్లు చేసి ఉండాలి. వయసు 30 దాకా, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు ఇంకా సడలింపు. రాజస్థాన్‌లో ఈ పరీక్ష కోచింగే ఒక పెద్ద వ్యాపారం. అక్కడి కుర్రాళ్లు దేశంలోని ఎయిమ్స్‌లన్నిటికీ రాసి చేరుతున్నారు. మన దగ్గర ఓఈటీ గురించి గంట మాట్లాడే తండ్రికి ఆ పరీక్ష పేరు కూడా తెలియదు. (పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్లకే అని మగ నర్సులు గొడవ పడుతున్నారు. అది వేరే వ్యాసం. ఆడపిల్లల తల్లిదండ్రులైనా ఆ అంకెను గమనించకపోవడం మాత్రం చిత్రం.)

ఎయిమ్స్ ఒక్కటే కాదు. ఈఎస్ఐ ఆసుపత్రులకు 2024లో యూపీఎస్సీ 1,930 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అదే ఏడాది రైల్వే బోర్డు 713 నర్సింగ్ సూపరింటెండెంట్ పోస్టులు ప్రకటించింది. తెలంగాణలో 2024 జనవరి 31న ఒక్కరోజే దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలిచ్చారు. స్థానికత నిబంధన వల్ల అందులో మన జిల్లాలవాళ్లకు చోటు తక్కువే. ఆంధ్రప్రదేశ్ నియామకాలు మాత్రం ఎక్కువగా కాంట్రాక్టువి, అదీ రాతపరీక్ష లేకుండా మార్కుల మీద. అందుకే ఇక్కడి ప్రభుత్వాన్ని వెనకేసుకు రావడానికి ఏమీ లేదు. కానీ రాష్ట్రం ఇవ్వనిది కేంద్రం ఇస్తున్నప్పుడు ఆ ద్వారం వైపు చూడకపోవడం మన తప్పే.

కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ ఉద్యోగాన్ని ఇక్కడ విడిగా చూడాలి. బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లే ఈ రాష్ట్రంలో పది వేలకు పైగా ఉన్న గ్రామ క్లినిక్‌లను నడుపుతున్నారు. బీపీ, షుగరు పట్టుకోవడం నుంచి గర్భిణుల దాకా అన్నీ వాళ్ల నెత్తినే. గౌరవమున్న పని, ఊరికి అవసరమైన పని. 2025 వేసవిలో వాళ్లు జీతాల కోసం, ఉద్యోగ భద్రత కోసం రోడ్డెక్కారంటే కాంట్రాక్టు బతుకు ఎలా ఉందో తెలుస్తుంది. అయితే ఇరవై రెండేళ్లకు, కాలేజీ నుంచి నేరుగా, పక్కన పెద్ద సిస్టర్ ఎవరూ లేని పల్లెలో కూర్చుంటే చేతి పని మొద్దుబారుతుంది. మూడేళ్ల తర్వాత ఐసీయూ ఉద్యోగానికి వెళితే మళ్లీ ఓనమాలే. కాస్త వార్డు చూసి వెళ్లినవాళ్లకు అదే ఉద్యోగం బలం. ఇక్కడా వరుసే ముఖ్యం.

పై చదువు గురించి చెప్పే మాటలు ఇంకా పాతవి. ‘ఎమ్మెస్సీ అంటే టీచింగు’ అనేది ఇరవై ఏళ్ల నాటి లెక్క. ఎమ్మెస్సీ నర్సింగ్‌కు ఒక ఏడాది అనుభవం ఉండాలని నిబంధనే ఉంది, అంటే చదువు కూడా వార్డు గుండానే పోవాలంటోంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ తెచ్చిన క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు రెండేళ్ల రెసిడెన్సీ, క్లాసు కన్నా ఐసీయూలోనే ఎక్కువ గడుస్తుంది. ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలు ఉన్నాయి, నవజాత శిశువుల సంరక్షణ, క్యాన్సర్, అత్యవసర సేవలు లాంటివాటికి. జీఎన్ఎం చదివినవాళ్లకు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లకు తెలియనిదేమిటంటే ఎమ్మెస్సీకి దారి అదే.

వీటిలో తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గది మిడ్‌వైఫరీ. హైదరాబాదులో ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011 నుంచే ప్రసూతికి ప్రత్యేకంగా నర్సులను తయారుచేస్తోంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులతో పద్దెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టింది. కేంద్రం మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు తెచ్చింది ఆ తర్వాత ఏడాది, 2018లో. సిజేరియన్లు విచ్చలవిడిగా జరిగే రాష్ట్రాల్లో, మామూలు కాన్పును డాక్టరు కత్తి దాకా పోనివ్వకుండా నడిపించగల నర్సు కన్నా విలువైన మనిషి ఎవరు? ఆ కోర్సు గురించి ఫేర్‌వెల్ వేదిక మీద ఎవరూ చెప్పరు, దాని మీద కమీషన్ రాదు కనుక.

కమీషన్ మాట వచ్చింది కాబట్టి డబ్బు సంగతి కూడా. విదేశీ ఉద్యోగానికి లైసెన్సున్న ఏజెంటు చట్టప్రకారం తీసుకోగలిగేది 30 వేలు, దాని మీద జీఎస్టీ. గల్ఫు సహా పద్దెనిమిది దేశాలకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కేంద్రం 2015లో నిబంధన పెట్టింది. మన రాష్ట్రానికి ఓంక్యాప్ ఉంది, తెలంగాణకు టామ్‌కామ్ ఉంది. ఆ నిబంధన వచ్చిన సంవత్సరమే కొచ్చిలో ఒక ఏజెన్సీ మీద సీబీఐ కేసు పెట్టింది. కువైట్‌కు నర్సులను పంపడానికి 19,500 రూపాయలు తీసుకోవాల్సిన చోట 19.5 లక్షలు వసూలు చేశారని ఆరోపణ. ఎక్కడ చుక్క పెట్టాలో తెలియక చేసిన పని కాదది. మన దగ్గర చేనేత మగ్గం మీద బతికిన ఇల్లు, ఎకరం మాగాణి ఉన్న ఇల్లు అప్పుచేసి మరీ కట్టే లక్షల్లో చట్టప్రకారం కట్టాల్సింది ఎంతో అడిగినవాళ్లు బహు తక్కువ. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈమైగ్రేట్ వెబ్‌సైటులో రెండు నిమిషాల్లో తేలుతుంది.

దేశం దాటొద్దని ఈ వాదన కాదు. వెళ్లాలనుకున్న పిల్ల నిక్షేపంగా వెళ్లాలి, ఇరవై అయిదుకు, మంచి చెయ్యితో, మంచి కాగితాలతో. భాష కూడా వార్డు చేస్తూనే నేర్చుకోవచ్చు. డ్యూటీ మానేసి ఏడాది హాస్టల్లో కూర్చుని నేర్చుకోవడం కన్నా అదే మేలు, చదువు తర్వాత ఖాళీ ఏడాదులు కనిపిస్తే విదేశీ యాజమాన్యాలకు నచ్చవు.

ఎదుటివాళ్లకు మిగిలే చివరి అభ్యంతరం ఒక్కటే, ‘పదిహేను వేలకు రెండేళ్లు ఎలా చేస్తారు?’ అని. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఎక్కడ చేరాలన్నదే అసలు నిర్ణయం కావాలి. ఇంటర్వ్యూలో పిల్లే నాలుగు ప్రశ్నలు అడగాలి. పడకలెన్ని, ఐసీయూలో వేస్తారా లేక రెండేళ్లూ ఓపీలో చీటీలు రాయిస్తారా? రాత్రి ఒక నర్సుకు ఎంతమంది రోగులు? టీచింగ్ ఆసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు అని కౌన్సిల్ లెక్క. దానికి ఎంత దూరంలో ఉన్నారో విన్న జవాబులోనే తెలుస్తుంది. జీతం బ్యాంకులో వేస్తారా, పీఎఫ్ కడతారా? పీఎఫ్ ఖాతాలో నెలనెలా పడిన జమ కన్నా నమ్మకమైన అనుభవ పత్రం లేదు. ఇక చివరిది, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటారా? పెట్టుకుంటామంటే అక్కణ్ణుంచి లేచి రావాలి. విజయవాడ, గుంటూరు మధ్య బోధనాసుపత్రులు, కార్పొరేట్ ఆసుపత్రులు ముప్పై కిలోమీటర్లలోపే చాలా ఉన్నాయి, నర్సులు దొరక్క అవీ ఇబ్బంది పడుతున్నాయి.